చప్పట్లకి తల తిప్పిన పిల్లవాడు

ఈ మధ్య మన తెలుగు పిల్లలు కొందరు ఫోన్ చేసి ఒకే సంగతి అడుగుతున్నారు. డిగ్రీలో సైకాలజీయో లింగ్విస్టిక్సో చదువుతూ, పక్కన స్పీచ్, లాంగ్వేజ్, హియరింగ్ సైన్సెస్‌లో మైనర్, అంటే అదనపు సబ్జెక్టు, తీసుకుందామనుకుంటున్నారు. తీసుకోవచ్చా అంకుల్, దాని వల్ల ఏమొస్తుంది అని. తోచిందేదో చెప్పి ఫోన్ పెట్టేశాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదని తర్వాత అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆడియాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అంటే వినికిడి పరీక్షలు చేయడం, చెవి మిషన్లు అమర్చడం నా పని. దానికి తోడు చాలా ఏళ్ళు సాయంత్రం పూట యూనివర్సిటీలో ఆ మైనర్ పిల్లలకే వినికిడి మీద ఒక కోర్సు చెప్పాను. ఉద్యోగంలో ఎలా పైకొచ్చానన్నది మీకు పనికిరాదు. మీకు పనికొచ్చేది ఒక పిల్లవాడి సంగతి. జోయెల్ అని పిలుద్దాం. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. వాడి ఈడు పిల్లలు అడ్డూ ఆపూ లేకుండా కబుర్లు చెప్తుంటే వాడు రెండు మూడు మాటలు కూర్చుకుని ఆగిపోతాడు. మిగతాది చేతులతో చెప్తాడు. చేతులతో చెప్పడం తక్కువేమీ కాదు, కానీ ఆ సైగల భాష కూడా వాడికి ఆలస్యంగానే అందింది. చెవుడు వాడికి పుట్టుకతో వచ్చింది. ఆలస్యం నా వల్ల వచ్చింది.

మైనర్ అంటే ఎంత

ఈ మైనర్‌లో చెవి ఎలా పనిచేస్తుందో చెప్తారు. గొంతులోంచి శబ్దం ఎలా పుడుతుందో, పసిపిల్లలు మాట ఎలా పట్టుకుంటారో, అది ఎక్కడెక్కడ తప్పిపోతుందో చెప్తారు. నాలుగైదు కోర్సులు. బాగా చదివితే బాగుంటుంది. కానీ ఇది పూర్తిచేసినంత మాత్రాన ఎవరినీ పరీక్షించే అర్హత రాదు. దానికి మాస్టర్స్ కావాలి, లైసెన్స్ కావాలి. మాస్టర్స్ సీట్లు తక్కువ. నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది చివరికి టీచర్లయ్యారు, నర్సులయ్యారు. అదేమీ చదువు వృథా కావడం కాదు. క్లాసులో ఒక పిల్ల వెనక్కి తిరిగి చూడకపోతే పొగరు అనుకోకుండా చెవి సంగతి ఆలోచించే టీచరు ఉంటే చాలు, నా జీతం గిట్టుబాటయినట్టే.

అయితే ఒక విషయం ముందే తెలుసుకోండి. మీరు ఈ చదువులో చేరారని తెలిసిన మరుసటి వారమే మనవాళ్ళలో ఎవరో ఒక ఆంటీ పిల్లాణ్ని చంకనేసుకుని వస్తుంది. "నువ్వు అదే చదువుతున్నావట కదమ్మా, వీడికి మాటలు రావట్లేదు, కాస్త చూడు" అంటుంది. మొదటి పరీక్ష కంటే ముందు వచ్చే పరీక్ష అదే. అందులో నేను, అన్ని డిగ్రీలూ ఉండి, తప్పాను.

నిలబడి చెప్పొద్దు

నా మొదటి బాస్ పేరు కారెన్. సస్కటూన్ దగ్గర గోధుమ పొలాల్లో పెరిగిన మనిషి. పొదుపుగా మాట్లాడేది, ఆ కాస్తా సూటిగా ఉండేది. నేను చేరిన కొత్తలో, చమురు బావుల్లో పనిచేసి రిటైరైన ఒక ముసలాయనకి పరీక్ష చేశాను. బయటికి రాగానే కారిడార్‌లో ఆయన భార్య ఎలా ఉందని అడిగింది. ఆమె ముఖం చూసి, వయసుతో వచ్చేదే, కంగారు పడకండి అన్నాను. మధ్యాహ్నం కారెన్ ఆ పరీక్షలో వచ్చిన గ్రాఫ్ తీసింది. ఒక చెవి కంటే రెండోది బాగా దెబ్బతిని ఉంది. అలా ఉంటే డాక్టరు దగ్గరికి పంపి లోపల ఏముందో చూడాలి. నేను అది గమనించకుండానే ఆమెకి ధైర్యం చెప్పేశాను.

కారెన్ అరవలేదు. ఇకనుంచి ఏ ఫలితమూ నిలబడి చెప్పొద్దంది. "నిలబడి చెప్పేవాడు ఎదుటివాళ్ళ ముఖం చూసి చెప్తాడు. కూర్చుని చెప్పేవాడు గ్రాఫ్ చూసి చెప్తాడు" అంది. ఆ ముసలాయనకి అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. నాకు ఆ నియమం ఒంటపట్టింది. క్లినిక్‌లో ఎన్నడూ తప్పలేదు. అది క్లినిక్ గోడల మధ్యకే వర్తిస్తుందని మాత్రం నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం

మాది కాకినాడ, క్రైస్తవ కుటుంబం. ఇక్కడి మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మాకు వాళ్ళ హాలు అద్దెకిచ్చేవాళ్ళు. ఆరాధన తర్వాత కింద బేస్‌మెంట్‌లో భోజనాలు. నా సలహాలన్నీ అక్కడే జరిగేవి. ముసలివాళ్ళ మిషన్లు చూసేవాణ్ని, పిల్లల చెవిపోటు గురించి చెప్పేవాణ్ని. "ప్రసాద్ గారికి ఫీజు అక్కర్లేదు, ఒక ప్లేటు బిర్యానీ చాలు" అని నవ్వేవాళ్ళు. ఆ మాట నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. క్లినిక్‌లో నేను పదిమందిలో ఒకణ్ని. బేస్‌మెంట్‌లో నేనొక్కణ్నే.

సుధీర్, బ్యూలా మా సంఘంలో చిన్న వయసు దంపతులు. సుధీర్ చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చినవాడు, బ్యూలా పెళ్ళయ్యాక రాజమండ్రి నుంచి వచ్చింది. వాళ్ళకి జోయెల్ పుట్టాడు. ఆస్పత్రిలో పుట్టిన పిల్లలందరికీ చేసే వినికిడి స్క్రీనింగ్‌లో వాడు రెండుసార్లూ పాసవలేదు. పెద్ద పరీక్షకి రమ్మన్నారు. పిల్లాడు నిద్రపోతుండగా నుదుటి మీద, చెవుల వెనక చిన్న వైర్లు అంటించి, శబ్దం మెదడు దాకా చేరుతోందా లేదా చూసే పరీక్ష అది. నొప్పి ఉండదు. జలుబు చేసి ఒకసారి వాయిదా పడింది. రెండో తేదీ ఇచ్చేసరికి పిల్లాడు కూర్చోబెడితే కూర్చుంటున్నాడు. సంఘమంతా వాడి కోసం ప్రార్థన చేస్తోంది. పాటలప్పుడు డోలక్ మోగితే వాడు ఒళ్ళో ఎగిరేవాడు. అది చూసి అందరికీ నమ్మకం కుదిరింది.

ఆ ఆదివారం నేను ప్లేటు పట్టుకుని వరసలో ఉన్నాను. బ్యూలా పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చింది.

"తలకి వైర్లు పెడతారట అంకుల్, ఇంత పసివాడికి. మీరొక్కసారి చూడండి. మీరు ఎలా అంటే అలాగే."

చుట్టూ అరడజను మంది చేరారు. పాస్టరు గారిని మేము అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ అంటాం. అమ్మగారు కూడా వచ్చి నిలబడ్డారు. నేను ప్లేటు బల్ల మీద పెట్టి, పిల్లాడి వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టాను. తల తిప్పాడు. బల్ల మీద అరచేత్తో కొట్టాను. మళ్ళీ తిప్పాడు. అమ్మగారు దేవునికి స్తోత్రం అన్నారు. బ్యూలా కళ్ళు తుడుచుకుంది.

నాకైతే బాగానే అనిపిస్తోందన్నాను. పుట్టినప్పుడు చెవిలో తడి ఉండి స్క్రీనింగ్ పాసవని పిల్లలు చాలామంది ఉంటారన్నాను. అది నిజమే. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, సందర్భానికి సరిపోయే నిజాలు ఎప్పుడూ దొరికేవి.

"మరి ఆ అపాయింట్‌మెంట్?"

"తొందరేముందమ్మా. చూద్దాం."

ఆమె ఆ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసింది. తర్వాతి ఆదివారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పింది. దేవుడు మా ప్రార్థన విన్నాడు, ప్రసాద్ అంకుల్ కూడా చూసి బాగుందన్నారు అని. నేను రెండో వరసలో కూర్చుని ఆమెన్ అన్నాను.

కెజియా

సుధీర్ చెల్లెలు కెజియా ఇక్కడే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. సైకాలజీ చదువుతూ ఈ మైనర్ తీసుకుని, ఆ శరదృతువులో నా క్లాసులో చేరింది.

ఒక క్లాసులో నేను ప్రతి సంవత్సరం చెప్పేదే చెప్పాను. చెవుడు అంటే ఏమీ వినపడకపోవడమే కాదు. కొందరు పిల్లలకి తలుపు దభాలున పడితే వినిపిస్తుంది, డప్పు వినిపిస్తుంది. సన్నని స్వరాలు మాత్రం వినిపించవు. అమ్మ గొంతు వినిపిస్తుంది గానీ అందులోని స, ష, త, క వినిపించవు. గొంతు ఉంటుంది, మాట ఉండదు. చప్పట్లు కొట్టి చూసి ఏదీ తేల్చకూడదు. ఇదంతా బోర్డు మీద గ్రాఫ్ గీసి చెప్పాను. ఆ మాటలు నా నోటి వెంటే వచ్చాయి, నా చెవికి ఎక్కలేదు.

రెండు రోజుల తర్వాత కెజియా నా గదికి వచ్చింది. కూర్చోలేదు. జోయెల్‌కి మీరు ఏ టెస్ట్ చేశారని అడిగింది.

నేను నవ్వాను. "రెండు కోర్సులకే డాక్టరమ్మవి అయిపోయావా?"

ఆమె నవ్వలేదు. మైనర్ విద్యార్థులు ఎవరికీ రోగ నిర్ధారణ చేయకూడదని సిలబస్ మొదటి పేజీలోనే ఉంది కదా అన్నాను. నేను చేయట్లేదు, అడుగుతున్నాను అంది. చదువు మీద దృష్టి పెట్టమని పంపేశాను. నా నియమం సరైనదే. దాన్ని పిల్లాడి కోసం వాడలేదు, నన్ను కాపాడుకోవడానికి వాడుకున్నాను.

ఇంట్లో కూడా ఆ పిల్ల అన్నకి చెప్పిందట, మళ్ళీ టెస్ట్ చేయించమని. ప్రసాద్ గారి కంటే నీకెక్కువ తెలుసా అని వాళ్ళమ్మ కేకలేసిందట. బ్యూలా ఏమీ అనలేదట. ఆ టర్మ్ అయ్యాక కెజియా మైనర్ మానేసింది. కారణం నేను అడగలేదు.

ఈ చదువు చదవబోయే మీకు నా అభిప్రాయం ఇక్కడే చెప్తాను. ఈ మైనర్ నేర్పగలిగిన అత్యుత్తమ విషయం చెవి బొమ్మ కాదు. "నాకు తెలియదు, తెలిసిన చోటికి వెళ్ళండి, ఆ ఫోన్ నేనే చేసిపెడతాను" అనే వాక్యం. ఆ వాక్యం చెప్పిన రోజు మీకు ఎవరూ బిర్యానీ పెట్టరు. కెజియాకి ఆ వాక్యం వచ్చు. దాన్ని చెప్పిన పిల్లని ఇంట్లో వాళ్ళూ, క్లాసులో నేనూ కలిసి నోరు మూయించాం.

తలుపు వేసి అడిగిన మాట

ఏడాదిన్నర టీకాలప్పుడు నర్సు బ్యూలాని పిల్లాడు ఎన్ని మాటలు అంటున్నాడని అడిగింది. వాడు 'ఆ' అనేవాడు, 'ఓ' అనేవాడు. అవి మాటలేనని అందరం అనుకుంటున్నాం. నర్సు వెంటనే మా క్లినిక్‌కి పంపింది. నేను ఆ వారం సెలవులో ఉన్నాను. కారెన్ పరీక్ష చేసింది.

నేను తిరిగొచ్చిన రోజు ఆమె నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. గ్రాఫ్ నా ముందు పెట్టింది. బొంగురు స్వరాలుండే ఎడమవైపు కాస్త నిలబడి, సన్నని స్వరాలుండే కుడివైపుకి వచ్చేసరికి గీత కొండ మీంచి పడ్డట్టు పడిపోయింది. నేను ఏటేటా బోర్డు మీద గీసే బొమ్మే అది.

"మీ చర్చిలో ఎవరో పిల్లాణ్ని చూసి బాగానే ఉందన్నారట. అందుకే ఏడాది నుంచి తీసుకురాలేదట. ఆ పేరు తల్లి చెప్పట్లేదు. ఎవరో నీకు తెలుసా?"

తెలియదన్నాను. మా పెద్దవాళ్ళలో ఎవరైనా అయ్యుంటారన్నాను.

కారెన్ గ్రాఫ్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక నాకు అర్థమైంది, బ్యూలా నా పేరు దాచింది. కొడుకు సంవత్సరం పోగొట్టుకుని కూడా నా ఉద్యోగానికి ముప్పు రాకూడదనుకుంది. లేదా పెద్దవాళ్ళ పేరు బయట పెట్టకూడదని నేర్చుకుంది. ఏదైనా ఒకటే.

వారం తర్వాత కారెన్ దగ్గరికి వెళ్ళి అది నేనేనని చెప్పాను. "నీకు నేర్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు" అంది. లైసెన్సు ఇచ్చే సంస్థకి తనే తెలియజేసింది. మందలింపు వచ్చింది, ఉద్యోగం ఉంది. ఆ కాగితాల గొడవ మీకు అనవసరం. మేమిద్దరం ఆ తర్వాత కూడా కలిసి పనిచేశాం, మళ్ళీ ఎప్పుడూ కలిసి కాఫీ తాగలేదు.

బ్యూలా అడిగింది

సంగతి తెలిసి అయ్యగారు నన్ను పిలిపించారు. ఆదివారం సంఘం ముందు నేను పశ్చాత్తాపం చెప్పుకోవాలి, సుధీర్ వాళ్ళు క్షమించామని చెప్పాలి, అందరూ ప్రార్థన చేస్తారు అన్నారు. నాకు అది మంచి మార్గంగానే కనిపించింది. అంత సులభంగా తేలిపోయేది మంచిగానే కనిపిస్తుంది. ముందు ఇంటికి వెళ్ళి అడుగుదామని వెళ్ళాను.

జోయెల్ కార్పెట్ మీద ఆడుకుంటున్నాడు. కొత్త మిషన్లు పెట్టారు. సుధీర్ నా వైపు చూడకుండా, రండి అంకుల్ అని కుర్చీ చూపించాడు. క్షమించమని అడిగాను. అయ్యగారు చెప్పిన సంగతీ చెప్పాను. సుధీర్ తల ఊపబోయాడు.

బ్యూలా వద్దంది. "క్షమాపణ మీకు కావాలి అంకుల్. వాడికి మాటలు కావాలి. ముందు వాడి పని చూసుకోనివ్వండి."

మళ్ళీ తనే అంది. "ఒక్కటి అడుగుతాను. ఆ రోజు మీకు నిజంగానే ఏ అనుమానమూ రాలేదా?"

రాలేదని చెప్పడానికి సిద్ధమై వచ్చాను. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాను. ఇందాక ఆ ఆదివారం గురించి మీకు రాసినప్పుడు కూడా ఒక ముక్క వదిలేశాను. చప్పట్ల తర్వాత, బల్ల కొట్టిన తర్వాత, అలవాటు కొద్దీ వాడి చెవి వెనక 'స్స్' అని కూడా అన్నాను. వాడు తల తిప్పలేదు. మళ్ళీ అన్నాను. తిప్పలేదు. అప్పటికే అమ్మగారు స్తోత్రం అనేశారు. బ్యూలా కళ్ళు తుడుచుకుంటోంది. పిల్లాడు అలిసిపోయి ఉంటాడని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఇష్టమైంది, అందుకే అనుకున్నాను.

"వచ్చిందమ్మా" అన్నాను. 'స్స్' సంగతి చెప్పాను.

సుధీర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. బ్యూలా మాత్రం కదల్లేదు. ఆమె ముఖంలో కోపం వస్తుందని చూశాను. వచ్చింది కోపం కాదు.

"నేను సాక్ష్యం చెప్పిన వారానికే నాకూ అనుమానం వచ్చింది" అంది. "వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. నేను నమ్మలేకపోతున్నానని, నాది అవిశ్వాసమని ప్రతి రోజూ దేవుణ్ని క్షమాపణ అడిగాను. అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలియట్లేదనుకున్నాను. మీకూ తెలుసన్నమాట."

జోయెల్ మిషన్ పీకి గుప్పిట్లో పట్టుకున్నాడు. అది సన్నగా కూత పెట్టింది. వాడికి ఆ కూత వినిపించదు. బ్యూలా కింద కూర్చుని దాన్ని వాడి చెవిలో పెట్టడానికి తంటాలు పడింది. అది సరిగ్గా అమరలేదు, కూత ఆగలేదు. జీవితమంతా నేను చేసిన పని అదే, నిమిషం పట్టదు. ఆమె నన్ను అడగలేదు. చేయి చాపే హక్కు నాకు లేదనిపించింది. కూత ఆగేదాకా కూర్చుని, లేచి వచ్చేశాను.

సంఘం ముందు నేనేమీ చెప్పలేదు. ఇప్పుడు బేస్‌మెంట్‌లో ఎవరైనా పిల్లాణ్ని చూపిస్తే ఇక్కడ చూడనంటాను, క్లినిక్ నంబరు ఇస్తాను. రిటైరయ్యాక ప్రసాద్ గారికి గర్వం పెరిగిందంటున్నారట.

ప్లాట్‌ఫారం మీద

కెజియాకి చెప్పడం మిగిలింది. నెలలు వాయిదా వేశాను. చలికాలంలో ఒక సాయంత్రం క్లాసు ముగించుకుని వస్తుంటే ట్రైన్ ప్లాట్‌ఫారం మీద కనిపించింది. టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి, నువ్వు అడిగింది సరైన ప్రశ్న అన్నాను. నాకు ఆ రోజే అనుమానం వచ్చిందనీ, దాచాననీ చెప్పాను.

"నాకు తెలుసు" అంది, తెలుగులోనే.

వదిన చెప్పిందా అని అడిగాను.

"లేదు. ఆ రోజు నేను మీ పక్కనే ఉన్నా. జోయెల్ బాటిల్ పట్టుకుని. మీరు స్స్ అన్నారు, రెండుసార్లు. వాడు తిరగలేదు. అప్పుడు నాకేం అర్థం కాలేదు. మీ క్లాసులో అర్థమైంది."

మరి ఆ రోజు నా గదిలో ఆ మాట ఎందుకు అనలేదని అడిగాను.

"మీరే చెప్తారని. అందుకే ఏ టెస్ట్ చేశారని అడిగా."

ట్రైన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె ఒక కాలు లోపల పెట్టి ఆగింది.

"నేనడిగే నాటికి వాడికి ఇంకా ఏడాది నిండలేదు అంకుల్" అని ఎక్కేసింది.